అండాలు చెవిల నూనె పోసిందెవరు?

"వాసన సూడు. నువ్వే సూడు. గిది నూనె కాకపోతె ఇంకేంది?"

నా బిడ్డ అండాలు తల పట్టుకొని మా అత్త ముక్కు దగ్గరికి గుంజిన. పోరి గింజుకుంటుంది. పొద్దుగాల దాని ఎడమ చెవిల నేను పెట్టిన దూది నానిపోయి, చెంప మీదికి జిడ్డు కారుతుంది.

మా అత్త బాలనర్సమ్మ ముక్కు తిప్పుకోలే. మంచిగ వంగి వాసన సూసింది. "నూనెనే," అన్నది.

"ఎవరు పోసిన్రు?"

"నన్నడుగుతవేందే?"

"ఇంట్ల ఉన్నది ముగ్గురం. ఆయన పొద్దుగాల ఫ్యాక్టరీకి పోతె పొద్దుగూకినంక వస్తడు. బాలవాడి నుంచి వచ్చిన పోరిని నీ దగ్గర ఇడిచి నేను బట్టలు ఉతుకవొయిన. వచ్చేసరికి చెవి గిట్లున్నది. ఇగ మిగిలిందెవరు?"

"దుబ్బ మిగిలింది, నీ నోట్ల!"

నాకు తిక్క లేసిందంటె నిలువది. మా అమ్మగారింట్ల నన్ను మిరపకాయ అనేటోళ్లు. అయినా నెల దినాల సంది ఎంత ఓర్సుకుంటున్ననో నాకే తెల్సు. నాలుగేండ్లు నిండినా నా బిడ్డకు అమ్మా అనుడు రాలే. తింటది, నవ్వుతది, మనిషిని సూస్తె ఎదురురికొస్తది. ఎనుకకెల్లి పిలిస్తె మాత్రం తిరిగి సూడది. చిలుక కొరికిన జాంపండు తినిపిచ్చినం. వస కొమ్ము అరగదీసి నాకిచ్చినం. నాచారం ఊరు ఊరంత దానికి మూగది అని పేరు పెట్టి సల్లగున్నది.

మా గొడ్ల కొట్టంల బాలవాడి నడిపే విక్టోరియా టీచరమ్మ ఒక్కతే, "సక్కక్కా, పిల్ల మూగది గాదు, దీనికి ఇనవడుతలేదు" అన్నది. అని ఊకోలే. నన్నూ పిల్లనూ ఉప్పల్ దనుక నడిపిచ్చి, బస్సెక్కిచ్చి, కోఠి దవాఖానకు తోల్కవొయింది.

డాక్టరమ్మ చెవిల లైటు పెట్టి సూసి చెప్పిన మాట నాకు నిద్రల గూడ యాదికొస్తది. "చీము పట్టి లోపల పరద పాడైంది. చెవి ఎండితె ఉన్న వినికిడి నిలుస్తది, మాటలు నేర్పొచ్చు. చుక్క నూనె పడ్డా చీము ఆగదు. రెండో చెవి గూడ పోతది. గప్పుడు నా దగ్గరికి తెచ్చి లాభం లేదమ్మా." నెల దాటినంక, అంటె ఈ వచ్చే శుక్రారం, మళ్ల తీస్కరమ్మన్నది.

మా దిక్కు పసిపిల్లల చెవులల్ల నూనె పొయ్యనోళ్లెవరు? నీళ్లు పోసినంక మాడకింత, చెవులకింత. చెవి కారితె ఎల్లిపాయ ఏసి కాచి పోస్తరు. మా అత్త అండాలుకు పుట్టిన్నాటి సంది గదే చేసింది. దవాఖాన నుంచి వచ్చి డాక్టరమ్మ మాట చెప్తె, "ఆమెకు పిల్లలున్నరా?" అని అడిగింది. గంతే. పొయ్య అనలే, పోస్త అనలే. నా అనుమానం మరి ఎవరి మీదికి పోతది?

"నేను పొయ్యలేదే," అన్నది మా అత్త. "పొయ్యొద్దన్నరని గా నూనె సీసనే ముట్టుకోలే. నమ్మవా? ఇగో, పోరి తల మీద చెయ్యి పెట్టి చెప్తున్న."

చెయ్యి చాపింది. నేను పోరిని ఎనుకకు గుంజుకున్న.

"పెట్టకు."

"ఏమంటివి?"

"పెట్టకు. అబద్దపు ఒట్టు నా బిడ్డకు తగుల్తది."

మా అత్త చెయ్యి గట్లనే గాలిల నిలవడ్డది. ఆమె నన్ను కొట్టి ఉంటె బాగుండు. కొట్టలే. చెయ్యి దించి, చీర కొంగుకు మెల్లగ తుడుసుకున్నది, ఏదో అంటినట్టు.

గప్పుడే విక్టోరియా కొట్టానికి తాళమేసి మా వాకిట్లకు వచ్చింది. సన్నగ, ఎత్తుగ ఉంటది ఆ పిల్ల. మెదక్ దిక్కు నుంచి తల్లి రాహేలవ్వను తోల్కొని వచ్చి రెండేండ్లాయె. మా పొలాలు కంపెనీలకు పోయి, గొడ్లు పోయి, కొట్టం ఊరికె పడి ఉంటె, పిల్లలకన్న పనికొస్తదని మా అత్తనే ఇచ్చింది. పొద్దుగాల పాలపొడి పాలు, మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మ, నడిమిట్ల ఆట, పాట. ఊర్ల కూలికి పోయే తల్లులందరికి గా కొట్టమే దిక్కు.

"సూడు టీచరమ్మా," అన్న. "మళ్ల పోసిన్రు."

విక్టోరియా కూసోని చెవి సూసింది. ఆమె మొఖం ఇంతయ్యింది.

"ఇంట్ల ముగ్గురమని లెక్క చెప్తివి," అన్నది మా అత్త, నాతోటి కాదు, గోడతోటి అన్నట్టు. "పొద్దంత పోరి ఏడ ఉంటది? గా కొట్టంల గాదా? గా లెక్క ఏది?"

"అత్తా! చెవి సంగతి పట్టిందే ఆమె. ఆమె మీదికెందుకు పోతవ్?"

"గందుకే అడుగుతున్న. ఊకనే ఎవరు పట్టించుకుంటరే పరాయి పిల్లను? నిప్పు లేంది పొగ రాదు."

"పాలు పోసి అన్నం పెట్టే మనిషిని పట్టుకొని..."

"నేను ఏమన్న? ఏడ ఉంటది అని అడిగిన. అడుగుడు గూడ తప్పా?"

విక్టోరియా లేసి నా పక్కన నిలవడ్డది. పోరి చెయ్యి పట్టుకున్నది. మా అత్త దిక్కు సూడలే. నేను గప్పుడు ఏమనుకున్న? పాపం, మంచి చెయ్యబోతె మాట పడుతుందనుకున్న.

* * *

మా ఆయన బిక్షపతి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం గట్లనే ఉన్నది. ఆయన పని డబ్బాల ఫ్యాక్టరీల. గా ఫ్యాక్టరీ కట్టింది మా జొన్నచేను మీదనే. సొంత చేన్ల కూలికి పోయినట్టు పోయొస్తడు మనిషి. వస్తె మాట్లాడడు.

"అమ్మేది?"

"అర్రల ఉన్నది. తింటలేదు."

"ఎందుకు?"

చెప్పిన. ఒట్టు సంగతి గూడ చెప్పిన. దాచుడు నాకు రాదు. ఆయన అంగీ ఇప్పుతున్నోడు ఆగిండు.

"ఒట్టు పెట్టనియ్యలేదా?"

"పెట్టనియ్యలే."

ఆయన పోయి కాళ్లు కడుక్కున్నడు. నేను కంచం పెడితె ముందల కూసొని అన్నం కెలికి లేసిండు. తిట్టినా బాగుండు. మా ఇంట్ల మగోడు తిట్టడు, ఆడది కొట్టది. అందరు మూతులు బిగబట్టుకొని నన్ను సంపుతరు.

అండాలు ఒక్కతే ఆడుకుంటుంది. ఇంట్ల ఏమైతుందో దానికేం తెల్సు? గోడలకు గూడ చెవులుంటయంటరు. నా బిడ్డకు దేవుడు గా మాత్రం గూడ ఇయ్యకపాయె.

మా అత్త అర్రలకెల్లి వచ్చింది. చేతుల బట్టల మూట.

"ఏడికమ్మా?" అన్నడు మా ఆయన.

"చిల్కానగర్ పోత. నా బిడ్డ దగ్గరికి."

"గిప్పుడా? పొద్దుగూకింది."

"దారి నాకు తెల్వదా? నీ అయ్య ఉన్నప్పుడు గా దారి పొంటి గొడ్లను తోలినదాన్ని." నా దిక్కు తిరిగింది. "నూనె సీస అర్రల పెట్టి తాళమేసిన. ఇగో తాళంచెయ్యి, నీ నడుముకు కట్టుకో. నేను పోయినంక పోరి చెవి ఆరితె నేనే దొంగను. ఊరందరి ముందల ఒప్పుకుంట. ఆరకపోతె?"

నేను తాళంచెయ్యి అందుకున్న.

"ఆరకపోతె గప్పుడు ఎవర్ని ఎల్లగొడ్తవో సూస్త."

పోతపోత పోరి ముందల కూసున్నది. అండాలు ఆమె ముక్కుపుడక పట్టి గుంజింది, రోజు గుంజినట్టు. మా అత్త దాని చెయ్యి ఇడిపిచ్చుకొని, తలను మాత్రం ముట్టుకోకుంట లేసింది. మా ఆయన ఎంటపోయి దిగవెట్టి వచ్చిండు.

* * *

ఆరుతదనుకున్న. దేవుని సాక్షిగ చెప్తున్న, ఆరాలె అని మొక్కిన. ఆరితె మా అత్త దొంగ ఐతదని గూడ తెల్సు. అయినా మొక్కిన. నా బిడ్డ చెవి ముందు, మా అత్త పరువు ఎనుక.

ఎందుకంటె నేను ఒక పొద్దు కొట్టంల నా కండ్లతోటి సూసిన. విక్టోరియా అండాలును ఒళ్లె కూసోవెట్టుకొని, దాని అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకొని, "అమ్మ... అమ్మ..." అంటుంది. పోరి ఆమె పెదవులను సూస్తుంది. గొంతు వణుకును చేతులతోటి పట్టుకుంటుంది. నాలుగైదు సార్లు అయినంక తన గొంతు మీద చెయ్యి పెట్టుకొని "మ్మ" అన్నది. నాతోటి కాదు, విక్టోరియా గొంతుతోటి అన్నది. గని అన్నది. నేను కొట్టం గోడ పట్టుకొని ఏడ్సిన. గా సప్పుడు ఇంకో సారి ఇనాలె, నా ముందల, నన్ను సూసి అనంగ ఇనాలె. ఇంకేం వద్దు నాకు.

మా అత్త పోయిన తెల్లారి చెవి కొంచెం ఆరింది. దూది పొడిగ వచ్చింది. నా గుండెల మీది రాయి దిగింది. మా ఆయనకు చూపిచ్చిన. ఆయన దూదిని సూసిండు, నన్ను సూసిండు, ఫ్యాక్టరీకి పోయిండు.

దాని తెల్లారి మధ్యాహ్నం పోరి బాలవాడి నుంచి వచ్చింది. దూది తీసిన. నానింది. నూనె.

అర్రకు తాళం మా అత్త ఏసినట్టే ఉన్నది. తాళంచెయ్యి నా నడుముకే ఉన్నది. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడంటరు. ఈశ్వరునికే చాతగానిది నాతోటేమైతది? పొద్దుగూకే దనుక దర్వాజల కూసొని ఆలోచన చేసిన, చేసిన. నా అనుమానం ఇంట్ల మిగిలిన మనిషి మీదికి పోయింది.

"పొద్దుగాల పోరిని నువ్వే లేపినవ్," అన్న, మా ఆయన చెప్పులు ఇడువకముందే.

"లేపిన. ఐతేంది?"

"దాని చెవిల ఏమన్న పోసినవా? మీ అమ్మ చెప్పి పోయిందా?"

ఆయన నన్ను గట్ల సూసుడు పెండ్లైన సంది సూడలే. కోపం కాదు. ఎవరో కొత్త మనిషిని సూసినట్టు సూసిండు.

"నన్ను గూడ అంటవా?"

"మరి ఎవర్ననాలె? చెప్పు. నూనె నడిసొచ్చిందా?"

"అమ్మాయె, నేనాయె. రేపు పోరే పోసుకున్నదంటవ్." గొంతు లేసింది ఆయనది. "నీ మీద నాకెందుకు అనుమానం రావొద్దు? తాళంచెయ్యి నీ దగ్గరున్నది. పోరి నీ దగ్గరున్నది. మా అమ్మను ఎల్లగొట్టనీకి నువ్వే పోస్తున్నవేమో!"

"నా బిడ్డ చెవిని నేనే సంపుకుంటనా?"

"నా తల్లి సంపుకుంటదా? నేను సంపుకుంటనా? అది నీ ఒక్కదానికే పుట్టిందా?"

మా ఇంట్ల అరుపులు లేవంటి గదా. ఆ పొద్దు పక్కింటోళ్లు గోడ మీదికెల్లి సూసిన్రు.

"రేపు పని ఇడువంగనే చిల్కానగర్ పోయి అమ్మను తోల్కొస్త," అన్నడు ఆఖరికి. "అందరం కూసుందం. పోసిందెవరో తేలాలె. తేలందే శుక్రారం దవాఖానకు పోయేది లేదు. తడి చెవి తీస్కపోతె డాక్టరమ్మ మొఖం మీద కొడ్తది."

* * *

తెల్లారి నాకు పనిల పానం పట్టలే. మధ్యాహ్నం గాకముందే కొట్టం దిక్కు నడిసిన. ఎందుకు పోతున్ననో నాకే తెల్వదు. విక్టోరియాతోటి నాలుగు మాటలు మాట్లాడితె మనసు తేలికైతదనుకున్న. ఆమె మీద నాకు అనుమానం లేదు. నిజం చెప్తున్న, ఇసుమంత లేదు.

పిల్లలు ఉప్మ తిని చాపల మీద పండుకున్నరు. విక్టోరియా బాయి కాడ కంచాలు కడుగుతుంది. లోపల ఆఖరి మూలకు ఆమె తల్లి రాహేలవ్వ కూసొని ఉన్నది. తెల్లచీర కప్పుకొని, కండ్లు మూసుకొని, పెదవులు కదుపుతుంది. ఆమె ఒళ్లె అండాలు తల. ఎడమ చెవి పైకి పెట్టుకొని, నవ్వుకుంట, కదలకుంట పండుకున్నది. రాహేలవ్వ చేతుల చిన్న సీస. మెల్లగ వంచింది. ధార పడ్డది.

"ఏం చేస్తున్నవ్!"

నా అరుపుకు పిల్లలందరు ఉలిక్కిపడి లేసిన్రు. అండాలు ఒక్కతే లేవలే. అది నవ్వుకుంటనే ఉన్నది.

రాహేలవ్వ జర గూడ బెదరలే. దొంగ అయితె సీస దాసుకోవాలె గదా. ఆమె మూత పెట్టుకుంట, "కూసో బిడ్డా," అన్నది. "ప్రార్థన నడిమిట్ల ఉన్న."

"నూనె పొయ్యొద్దని డాక్టరమ్మ చెప్పలేదా? చెవి పోతదని చెప్పలేదా?"

"చెప్పింది. విక్టోరియా చెప్పింది నాకు. ఇంట్ల పోసే నూనె వద్దన్నదట." సీస ఎత్తి చూపింది. "గిది గది గాదు బిడ్డా. మా ఊరి చర్చి అయ్యగారు ఉపవాసముండి ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. రోగికి నూనె రాసి ప్రార్థన చెయ్యాలంటరు మా అయ్యగారు. గిది చెరుపు చెయ్యది. విక్టోరియాకు జ్వరమొచ్చి మాట పడిపోతె గిదే రాసిన. సూడు, ఎట్ల మాట్లాడుతదో."

ఏమనాలె ఆ ముసలామెను? ఆమె కండ్లల్ల నీళ్లున్నయి. నా బిడ్డ కోసమే ఏడ్సింది. మా అత్త కాచిన నూనెను నమ్మింది, ఈమె ప్రార్థన నూనెను నమ్మింది. చెవి మాత్రం నా బిడ్డది.

విక్టోరియా ఉరికొచ్చింది. చేతుల మీదికెల్లి నీళ్లు కారుతున్నయి. తల్లి చేతుల సీస సూసింది, నన్ను సూసింది. ఆమె అడగలే, ఏమైందని. గప్పుడు నాకు సమజైంది.

"నీకు ముందే ఎర్క," అన్న.

"అక్కా..."

"ఎర్కనా, కాదా?"

"మొన్ననే సూసిన. వద్దని చెప్పిన. సీస గుంజుకొని దాసిన. మళ్ల ఎట్ల దొరికిందో..."

"మొన్నంటె ఎప్పుడు? మా అత్త మూట కట్టక ముందా, కట్టినంకనా?"

విక్టోరియా తల్లి దిక్కు సూసింది.

"చెప్పవే టీచరమ్మా! పిల్లలకు అబద్దమాడొద్దని పాటలు నేర్పుతవ్ గదా!"

"ముందే," అన్నది.

"మా అత్త గాలిల చెయ్యి పెట్టుకొని నిలవడ్డ పొద్దు నువ్వు నా పక్కన్నే ఉన్నవ్. పోరి చెయ్యి పట్టుకొని ఉన్నవ్."

"ఉన్న అక్కా. నోరు రాలే. చెప్తె ఏమైతదో నీకు తెల్వదా? మీ అత్త అనకముందే ఊరంత అంటుంది, ఈ క్రైస్తవులు పాలు పోసి పిల్లలను మతంల కలుపుకుంటరు అని. ప్రార్థన చేసి నూనె పోసిన్రంటె కొట్టానికి తాళం పడుతది. నేను పోతె పోత. గీ పిల్లలు? మాపటికి ఇంట్ల బుక్కెడు లేని పిల్లలు ఉన్నరు గిండ్ల. అండాలుకు మాటలెవరు నేర్పుతరు?"

నిజమే చెప్పింది. గదే నాకు మండింది. అబద్దం చెప్తె జుట్టు పట్టుకునేదాన్ని.

"మా అత్తను దొంగను చేసి నా బిడ్డకు మాటలు నేర్పుతవా?" అన్న.

విక్టోరియా కింద కూలవడి ఏడ్సింది. రాహేలవ్వకు గప్పుడు గని సంగతి తెల్వలే. "ఏంది? బాలనర్సమ్మ నా మూలంగ ఇల్లు ఇడిసిందా?" అనుకుంట లేసింది. "నేను వచ్చి చెప్త. ఇయ్యాలనే చెప్త. దాచుడు పాపం."

"రావొద్దు," అన్న. "నీ కాళ్లు మొక్కుత అవ్వా, రావొద్దు. నన్ను ఆలోచన చెయ్యనియ్యి."

పోరిని ఎత్తుకొని ఇంటికొచ్చిన. చెవిల దూది పెట్టి పెట్టి, తీసి తీసి తుడిసిన. చెప్తె కొట్టం పోతది, కొట్టంతోటి నా బిడ్డ మాట పోతది. చెప్పకపోతె మా అత్త సచ్చేదాక దొంగ. ఆమె నోరు చెడ్డదే, గని నాకు కాన్పైనప్పుడు నెల దినాలు నా మలినం ఎత్తింది. మూడో దారి ఒక్కటే దొరికింది నాకు. దాని మీద ఎక్కువ ఆలోచన చెయ్యలే. చేస్తె పోలేను.

* * *

పొద్దుగూకే యాల్లకు మా అత్త వచ్చింది. ఇంట్లకు రాలే. అరుగు మీద కూసున్నది. మా ఆయన దర్వాజకు ఆనుకొని నిలవడ్డడు. అండాలు పెరట్ల కోడిపిల్లల ఎంట తిరుగుతుంది.

"ఆరిందా?" అన్నది మా అత్త.

"ఆరలే."

"తాళంచెయ్యి?"

"నా దగ్గరనే ఉన్నది."

"ఐతె ఇగ చెప్పు."

నేను నోరు తెరిసేసరికి వాకిట్లకు ఇద్దరు మనుషులు వచ్చిన్రు. విక్టోరియా, ఆమె చెయ్యి పట్టుకొని రాహేలవ్వ. వద్దని మొక్కితి గదా. ముసలోళ్లు ఎవరి మాట ఇన్నరు?

"కూసో అవ్వా," అన్నడు మా ఆయన, మర్యాదకు.

రాహేలవ్వ కూసొంగనే మా అత్త దిక్కు చేతులు జోడిచ్చింది. "బాలనర్సమ్మా, నీతోటి ఒక్క మాట..."

"పోసింది నేనే!" అన్న.

అందరు నా దిక్కు తిరిగిన్రు.

"నేనే పోసిన. చీము కారుడు సూడలేక, ఎల్లిపాయ నూనె కాచి పోసిన. తిడతరని చెప్పలే. అత్త మీదికి నెట్టిన."

విక్టోరియా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. రాహేలవ్వ చేతులు జోడిచ్చినయి జోడిచ్చినట్టే ఉన్నయి.

మా ఆయన దర్వాజ ఇడిచి ముందలికొచ్చిండు. "నేను నిన్న కోపంల అన్న," అన్నడు. "ఉత్త కోపంల అన్న మాట. నిజమేనా అది?"

"నిజమే."

"మా అమ్మను ఇంట్లకెల్లి పంపి, నన్ను అడిగినవా, నేను పోసిన్నా అని?"

"అడిగిన."

"శుక్రారం దవాఖానకు నేను, అమ్మ తీస్కపోతం." ఆయన పెరట్ల ఉన్న పోరి దిక్కు సూసిండు. "నువ్వు రాకు. గప్పటిదాక పోరిని ముట్టకు."

తిడతరనుకున్న, కొడతరనుకున్న. నా బిడ్డను ముట్టొద్దంటరని అనుకోలే. గోడకు ఆనుకున్న.

మా అత్త నన్ను సూస్తలేదు. విక్టోరియాను సూస్తుంది. విక్టోరియా నుంచి రాహేలవ్వను, రాహేలవ్వ నుంచి మళ్ల నన్ను.

"బిక్షపతీ," అన్నది. "నా కోడలికి నోరు మంచిది గాదు. తిక్క ఉన్నది. గని దాని కడుపుల మాట దాగది. నాకు ఒట్టు పెట్టనియ్యలేదని నీకు అదే చెప్పింది గదా? గసొంటిది నెల దినాలు నూనె పోసి మూసుకొని కూసుంటదా?"

గా మనిషినే నేను దొంగ అన్న. తల ఎత్తలేకపోయిన.

గప్పుడే అండాలు పెరట్లకెల్లి వచ్చింది. చేతులకు మన్ను, మొఖమంత నవ్వు. మా అత్తను సూసి ముక్కుపుడక పట్టుకోనీకి ఉరికింది, నడిమిట్ల రాహేలవ్వను సూసి ఆగింది. మేము అరిసింది దానికి ఇనవడలే. మేము నోరు మూసుకున్నది గూడ ఇనవడలే. మెల్లగ నడుసుకుంట పోయి రాహేలవ్వ ముందల కూసున్నది. ఆమె ఒళ్లె తల పెట్టి పండుకున్నది. చెవి మీద ఎంటికెలు తానే పక్కకు తీసుకొని, ఎడమ చెవి పైకి పెట్టి, కండ్లు మూసుకున్నది.

రాహేలవ్వ చేతులు పోరిని ముట్టకుంట గాలిల నిలవడ్డయి.

మా అత్త అరుగు దిగింది. పోరి పక్కన వంగి, గా చెవిని సూసింది, గా ముసలామె మొఖం సూసింది. తర్వాత నిటారుగ నిలవడి నా దిక్కు తిరిగింది.

"ఇగ నువ్వు చెప్పు సక్కుబాయి," అన్నది. "నా ముందల, నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు. పోసింది నువ్వేనా?"